బట్టల క్లిప్పుతో తుపాకీ తన్నును కొలవడం ఎలా

మెరీనా బీచ్‌లో బెలూన్లు కాల్చే చోట మా అక్క కొడుకు మొన్న వేసవిలో మొదటిసారి ఎయిర్‌గన్ పట్టుకున్నాడు. తొమ్మిదో తరగతి పిల్లాడు. సినిమాలో చూసినట్టు భుజం బిగించి, పళ్లు బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాడు. బెలూన్ పేలింది గానీ వాడి ముఖంలో సంతోషం లేదు. "పిన్నీ, తుపాకీ వెనక్కి తంతుందని పుస్తకంలో ఉంది కదా, ఇది తన్నలేదేంటి?" అన్నాడు.

తన్నింది, వాడికి తెలియలేదు. పెరంబూరులో మా ఇంటికి వచ్చాక లెక్క వేసి చూపించాను. పెల్లెట్ అర గ్రాము, దాని వేగం సెకనుకు 120 మీటర్లు, తుపాకీ 3 కిలోలు అనుకుంటే, తుపాకీ వెనక్కి వచ్చే వేగం సెకనుకు 2 సెంటీమీటర్లు. ఇంచుమించు చీమ పాకే వేగం. వాడు తలూపాడు, కానీ ఆ తలూపడంలో నమ్మకం లేదు. కళ్లతో చూడనిదాన్ని ఎందుకు నమ్మాలి? అందుకే మర్నాడు ఇంట్లో వస్తువులతో చేసి చూశాం. అదే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీ పిల్లలతో ఒక ఆదివారం మధ్యాహ్నం చేయొచ్చు. స్టాప్‌వాచ్ అక్కర్లేదు, స్ప్రింగ్ త్రాసు అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మొమెంటమ్‌ని తెలుగు పుస్తకాల్లో ద్రవ్యవేగం అంటారు. పేరులోనే లెక్క ఉంది: ద్రవ్యరాశిని వేగంతో గుణించాలి. ఇక్కడ తమిళ మీడియం పిల్లలు దాన్ని ఉందం అని చదువుకుంటారు, తోయడం అనే మాటలోంచి వచ్చిన పేరు. రెండూ మంచి పేర్లే. ఈ ద్రవ్యవేగానికి దిక్కు కూడా ఉంటుంది. కుడివైపు పోయేది కూడిక అయితే ఎడమవైపు పోయేది తీసివేత. బయటినుంచి ఎవరూ తోయనంత వరకు మొత్తం మారదు. తుపాకీ పేలకముందు గుండూ కదలదు, తుపాకీ కదలదు, మొత్తం సున్నా. పేలాక గుండు ముందుకు పోయింది కాబట్టి, మొత్తం సున్నాగానే ఉండాలంటే తుపాకీ వెనక్కి రాక తప్పదు. ఇంట్లో మనం చూడబోయేది ఆ సున్నానే.

కావలసినవి

ఒక పెద్ద గాజు గోళీ, ఒక అంగుళం అడ్డుకొలత ఉన్నది. అదే సైజు స్టీలు గుండు ఒకటి. నేను పుదుపేటలో పాత బేరింగులు అమ్మే దుకాణంలో తీసుకున్నాను. రెండూ చేతిలో పెట్టుకుంటే సైజులో తేడా తెలియదు, బరువులో మాత్రం మూడింతలకు పైగా తేడా. వంటింటి డిజిటల్ త్రాసులో మా గోళీ 20 గ్రాములు, స్టీలు గుండు 66 గ్రాములు తూగాయి. మీ ఇంట్లో త్రాసు లేకపోతే వీధి చివర కిరాణా కొట్టులో అడగండి, పిల్లలకి ప్రయోగం అంటే కాదనరు. సైజు ఒకటే ఉండటం ముఖ్యం. అప్పుడే క్లిప్పు రెండింటినీ ఒకే ఎత్తులో తోస్తుంది.

గట్టి స్ప్రింగ్ ఉన్న బట్టల క్లిప్పు కావాలి, ప్లాస్టిక్‌ది, తేలికైనది. మాది 4 గ్రాములు. తేలిక ఎందుకో లెక్క దగ్గర తెలుస్తుంది. పూలు కట్టే నూలు దారం, ఒక అగరుబత్తి, ముగ్గుపిండి, పాత వార్తాపత్రికలు, సుద్దముక్క, టేపు, ఒకే ఎత్తున్న రెండు స్టూళ్లు, వడ్రంగి దగ్గర దొరికే రెండంగుళాల వెడల్పు రీపరు (పొడవాటి చెక్క పట్టీ) ముక్క ఒకటి. రీపరు పైభాగం నున్నగా ఉండాలి, లేకపోతే గరుకు కాగితంతో రుద్దండి.

వంతెన

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. మొదటిసారి వెడల్పాటి బల్ల మీద, నట్టనడుమ క్లిప్పు పెట్టి పేల్చాం. గోళీ బాగానే ఎగిరింది. స్టీలు గుండు మెల్లగా దొర్లుకుంటూ అంచుదాకా వెళ్లి, లెక్క ప్రకారం పడాల్సిన చోటికి చాలా ముందే పడిపోయింది. నాలుగుసార్లు చేసినా అంతే. పిల్లాడు నావైపు చూశాడు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. క్లిప్పు తోసినప్పుడు గుండు మొదట జారుతుంది, తర్వాత బల్ల రాపిడి వల్ల దొర్లడం మొదలుపెడుతుంది. జారుడు దొర్లుడుగా మారేసరికి గుండు వేగంలో ఏడింట రెండు వంతులు పోతాయి. నెమ్మదిగా పోయే స్టీలు గుండుకి రెండు సెంటీమీటర్ల లోపే ఈ మార్పు జరిగిపోతుంది. వేగంగా పోయే గోళీ అది జరిగేలోపే అంచు దాటేస్తుంది. అంటే రాపిడి ఇద్దరి దగ్గరా సమానంగా వసూలు చేయలేదు. బల్ల అనేది బయటి మనిషి, ఆ మనిషి లెక్కలో చెయ్యి పెట్టాడు.

అందుకే సన్నటి వంతెన. రెండు స్టూళ్లను మీటరు దూరంలో పెట్టి, రీపరు ముక్కను వాటి మీద వంతెనలా వేయండి. క్లిప్పును రీపరు పొడవు వెంట పడుకోబెడితే, దాని రెండు కాళ్లకు అటూఇటూ ఉన్న గుండ్లు దాదాపు అంచు మీదే ఉంటాయి. తోయగానే గాల్లోకి పోతాయి. రాపిడికి సమయం దొరకదు.

ఎత్తు సరిచూసుకోండి. రీపరు పైభాగం నుంచి కింద పరిచిన కాగితం దాకా 44 సెంటీమీటర్లు ఉండేలా స్టూళ్ల కిందో, రీపరు కిందో పుస్తకాలు సర్దండి. 44 సెంటీమీటర్లు పడటానికి ఏ వస్తువుకైనా 0.3 సెకను పడుతుంది. గోళీ అయినా, స్టీలు గుండు అయినా అంతే, పక్కకి ఎంత వేగంగా పోతున్నా అంతే. స్టాప్‌వాచ్ లేకుండా వేగం కొలవగలిగేది దీనివల్లనే. రెండూ గాల్లో ఉండేది ఒకే సమయం కాబట్టి, ఎవరు ఎంత దూరం పడ్డారో అదే వాళ్ల వేగం. సెంటీమీటర్లను 0.3తో భాగిస్తే సెకనుకు ఎన్ని సెంటీమీటర్లో వస్తుంది.

మట్టం చూడటానికి గోళీనే రీపరు మీద పెట్టండి. నిలబడితే సరే. దొర్లితే ఏ వైపు దొర్లిందో ఆ వైపు కింద మడిచిన కాగితం పెట్టండి.

రీపరు రెండు అంచుల నుంచీ దారానికి నట్టు కట్టి వేలాడదీసి, అది తాకిన చోట సుద్దతో గీత గీయండి. దూరం కొలవాల్సింది ఆ గీతల నుంచి. నేల మీద రెండు వైపులా నాలుగు పొరలు వార్తాపత్రిక పరవండి, లేకపోతే స్టీలు గుండు టైల్ అంచు ఎగరగొట్టొచ్చు. దాని మీద టీ జల్లెడతో ముగ్గుపిండి పలచగా జల్లండి. ఫ్యాను ఆపేయాలి. మే నెల చెన్నైలో ఇది అడగడం అన్యాయమే గానీ, ఫ్యాను తిరిగితే పిండి ఒక దగ్గర నిలవదు.

పేల్చడం

క్లిప్పు వెనక కాళ్లను వేళ్లతో పూర్తిగా నొక్కి పట్టుకుని, చివరల నుంచి ఒక సెంటీమీటరు లోపల, రెండు పేటల నూలు దారంతో ఒకే చుట్టు చుట్టి ముడి వేయండి. చుట్లు ఎక్కువ వేస్తే తెగాక దారం విప్పుకుంటూ మెల్లగా వదులుతుంది, తన్ను చచ్చిపోతుంది. నైలాన్, పాలిస్టర్ దారాలు వద్దు, అవి తెగకుండా కరిగి సాగుతాయి.

క్లిప్పును రీపరు మీద పడుకోబెట్టే ముందు కింద రెండు మూడు అట్టముక్కలు పెట్టి ఎత్తు చేయండి. కాళ్లు గుండ్లను నడుము దగ్గర తాకాలి. కిందుగా తాకితే గుండు పైకి ఎగురుతుంది, అప్పుడు 0.3 సెకను లెక్క చెడిపోతుంది. కాళ్ల చివరలకు ఆనించి గోళీని ఒక పక్క, స్టీలు గుండును మరో పక్క పెట్టండి. ఆనుకుని ఉండాలి, వెంట్రుకవాసి సందు కూడా వద్దు.

ఇప్పుడు దారాన్ని అగరుబత్తి నిప్పుతో తాకండి. కత్తెర వాడకూడదు. కత్తెర దారాన్ని కోసేటప్పుడు క్లిప్పును ఎటో ఒకవైపు నెడుతుంది, అప్పుడు మీ చెయ్యి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. నిప్పు ఎవరినీ తోయదు. అగరుబత్తి పెద్దవాళ్లు పట్టుకోండి, పిల్లలు పక్కన నిలబడాలి, క్లిప్పు మీదకి వంగి చూడకూడదు. కళ్లద్దాలు ఉంటే పెట్టుకోమనండి.

దారం ఒక క్షణం ఎర్రబడుతుంది, చిన్న పొగ వస్తుంది, తర్వాత టప్ మని చప్పుడు. గోళీ ఒక పక్క, గుండు ఒక పక్క. పిండిలో మొదట పడిన గుంట గుండ్రంగా, అంచులు పదునుగా ఉంటుంది, దాని చుట్టూ పిండి చిన్న వలయంలా లేస్తుంది. తర్వాతవి ఎగిరి పడ్డవి, కోలగా, చెదిరిపోయి ఉంటాయి. మొదటి గుంట మధ్య నుంచి సుద్దగీత దాకా కొలవండి.

ఐదుసార్లు చేయండి. ప్రతిసారీ దారం కట్టడం విసుగే, కానీ ఒక్కసారి చేసి రాసుకుంటే అది కొలత కాదు.

లెక్క

మా ఇంట్లో గోళీకి వచ్చినవి 35, 36, 37, 36, 36 సెంటీమీటర్లు. సగటు 36. స్టీలు గుండుకి 11.5, 11, 12, 11.5, 11.5. సగటు 11.5.

గోళీ: 20 × 36 = 720. స్టీలు గుండు: 66 × 11.5 = 759. బరువు మూడింతల పైన తేడా, దూరం మూడింతల పైన తేడా, గుణిస్తే రెండూ దాదాపు ఒక్కటి. పిల్లాడి ముఖం అప్పుడు చూడాలి.

కానీ వాడు అక్కడ ఆగలేదు, అందుకు నాకు చాలా సంతోషమేసింది. "39 ఎక్కడికి పోయింది పిన్నీ?" అన్నాడు. కొలతలో తప్పు అని చెప్పి తప్పించుకోవచ్చు. చాలామంది అలాగే చెప్తారు. అలా చెప్పకండి. వంతెన మీద క్లిప్పు ఎక్కడుందో చూడండి. మనం పెట్టిన చోట ఉండదు. గోళీ పోయిన వైపుకి జరిగి ఉంటుంది. రెండు కాళ్లూ ఒకే వేగంతో తెరుచుకోలేదు. గోళీ వైపు కాలు వేగంగా, స్టీలు గుండు వైపు కాలు నెమ్మదిగా కదిలాయి, కాబట్టి మొత్తం మీద క్లిప్పుకీ గోళీ వైపే కొంచెం వేగం వచ్చింది. అంటే స్టీలు గుండు ఒక్కటే ఒక వైపు, గోళీ, క్లిప్పు కలిసి మరో వైపు. మాయమైన ద్రవ్యవేగం చాలావరకు క్లిప్పు దగ్గరే ఉంది. క్లిప్పు తేలికైనది తీసుకోమన్నది అందుకే. బరువైన చెక్క క్లిప్పు వాడితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అదీ చేసి చూడండి.

శక్తి లెక్క కూడా వేయించండి, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గోళీ వేగం సెకనుకు 1.2 మీటర్లు, దాని గతిశక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, సుమారు 14 మిల్లీజౌళ్లు. స్టీలు గుండుది సుమారు 5. ద్రవ్యవేగం ఇద్దరికీ సమానంగా పంచిన అదే స్ప్రింగ్, శక్తిని మాత్రం తేలికైన దానికి మూడింతలు ఇచ్చింది. తుపాకీ భుజానికి నొప్పి మాత్రమే కలిగిస్తే గుండు ప్రాణం తీయడానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు ఇంకో రకంగా. స్టీలు గుండు తీసేసి, ఆ పక్క క్లిప్పు కాలికి ఆనించి రీపరు పక్కనే ఒక బరువైన రాయి పెట్టండి. మేము పాత పచ్చడి రోలు వాడాం, దాన్ని ఇంకో స్టూలు మీద ఎత్తి పెట్టాం. గోళీ ఇంతకుముందు కంటే దూరం పడుతుంది. 36 బదులు 40 దాటుతుంది. రోలు కదిలినట్టే కనిపించదు. మరి వెనక్కి పోవాల్సిన ద్రవ్యవేగం? రోలులోంచి స్టూలులోకి, స్టూలులోంచి నేలలోకి, అక్కడినుంచి భూమిలోకి పోయింది. భూమి బరువు కిలోల్లో 6 పక్కన 24 సున్నాలు. దాని వేగం ఎంత వస్తుందో పిల్లల్నే భాగించి చూడమనండి. ఎన్ని సున్నాల తర్వాత అంకె వస్తుందో వాళ్లు లెక్కపెడుతుంటే మీరు టీ పెట్టుకోవచ్చు.

క్యారమ్స్ బోర్డు మీద చేస్తే

గుండ్లు దొరకలేదని క్యారమ్స్ బోర్డు మీద చేద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. స్ట్రయికర్ నిబంధనల ప్రకారం 15 గ్రాములు మించకూడదు, కాయిన్ 5 నుంచి 5.5 గ్రాములు. మూడింతల తేడా బాగానే ఉంది. క్లిప్పు మధ్యలో పెట్టి పేలిస్తే కాయిన్ మూడింతల దూరం జారుతుందని అనుకుంటారు. అది దాదాపు తొమ్మిదింతలు జారుతుంది. నియమం తప్పిందని కంగారు పడకండి. జారుతూ ఆగే వస్తువు పోయే దూరం వేగం మీద కాదు, వేగం వర్గం మీద ఆధారపడుతుంది. వేగం మూడింతలు అయితే దూరం తొమ్మిదింతలు. అక్కడ దూరాలకు వర్గమూలం తీసి గుణించాలి. పిండిలో పడే గుంటకు ఈ చిక్కు లేదు.

పరీక్షలో రాసేటప్పుడు

ముందు ఎవరెవరు లెక్కలో ఉన్నారో ఒక వాక్యంలో రాయమనండి: తుపాకీ, గుండు. తర్వాత ఏ దిక్కు కూడికో రాయాలి: గుండు పోయే దిక్కు. గ్రాములన్నీ కిలోలు చేయాలి. అప్పుడు పేలకముందు మొత్తం, పేలాక మొత్తం, రెండూ సమానం. 4 కిలోల తుపాకీ, 10 గ్రాముల గుండు, సెకనుకు 800 మీటర్లు అనుకోండి. 0.01 × 800 = 8. తుపాకీది మైనస్ 8 కావాలి. 4తో భాగిస్తే సెకనుకు మైనస్ 2 మీటర్లు. ఆ మైనస్‌ను జవాబులో ఉంచాలి, పక్కన "గుండుకు వ్యతిరేక దిక్కులో" అని రాయాలి.

మైనస్ వదిలేసే పిల్లల్ని తిట్టకండి. 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ అంతటివాడు బరువును వేగంతో గుణించి, దిక్కును లెక్కలో చేర్చలేదు. గుద్దుకునే వస్తువులతో అతని లెక్కలు కుదరలేదు. 1668, 1669లో హైగెన్స్, వాలిస్, రెన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు లండన్ రాయల్ సొసైటీకి పంపిన వ్యాసాల తర్వాతే దిక్కుతో సహా లెక్క వేయడం స్థిరపడింది.

అదే లెక్కలో ఇంకో ప్రశ్న వేయండి. తుపాకీని భుజానికి గట్టిగా ఎందుకు ఆనించుకోవాలి? వదులుగా పట్టుకుంటే 4 కిలోల తుపాకీ సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చి భుజానికి గుద్దుకుంటుంది. గట్టిగా ఆనిస్తే 60 కిలోల మనిషి, తుపాకీ కలిసి 64 కిలోలు. 8ని 64తో భాగిస్తే సెకనుకు 12.5 సెంటీమీటర్లు. గుండుతోపాటు గొట్టంలోంచి వచ్చే, తుపాకీ మందు కాలిన వాయువులకీ ద్రవ్యవేగం ఉంటుంది కాబట్టి నిజమైన తన్ను ఈ లెక్క కంటే కొంచెం ఎక్కువే. మన ఆవడిలో తయారయ్యే అర్జున్ ట్యాంకు 58 టన్నులు దాటుతుంది, 120 మిల్లీమీటర్ల ఫిరంగి. అలాంటి ఫిరంగుల్లో గొట్టం మొత్తం వెనక్కి జారి, నూనె నింపిన సిలిండర్లలో మెల్లగా ఆగి, మళ్లీ ముందుకు వస్తుంది. ద్రవ్యవేగాన్ని ఎవరూ తగ్గించలేరు. దాన్ని ఎంతసేపట్లో ఆపాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఎక్కువసేపట్లో ఆపితే ఆ తోపు బలం తగ్గుతుంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కునేది దీనికే.

మిద్దె మీద

చెన్నైలో ఉన్నవాళ్లకి దొరికే పెద్ద తన్ను ఒకటుంది. శ్రీహరికోట ఇక్కడికి ఉత్తరాన, నేరుగా చూస్తే సుమారు 80 కిలోమీటర్లు. ఆకాశం తేటగా ఉంటే మిద్దె ఎక్కి రాకెట్ లేవడం చూడొచ్చు. 2023 జులై 14 మధ్యాహ్నం 2.35కి చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ లేచేటప్పుడు బరువు 640 టన్నులు. అందులో ఎక్కువ భాగం ఇంధనమే. అది మండి, సెకనుకు రెండు కిలోమీటర్లకు మించిన వేగంతో కిందికి పోతుంది. రాకెట్ పైకి పోతుంది.

రాకెట్ గాలిని తోసి పైకి పోతుందని అనుకునే పిల్లలు చాలామంది ఉంటారు. పెద్దలూ ఉంటారు. 1920లో న్యూయార్క్ టైమ్స్ గాలి లేనిచోట రాకెట్ పనిచేయదని రాసి అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. మనుషులు చంద్రుడి వైపు బయల్దేరాక, 1969 జులై 17న ఆ తప్పు ఒప్పుకుంది. మీ పిల్లలు అదే అడిగితే వంతెన మీది క్లిప్పును గుర్తు చేయండి. గోళీ గాలిని తోయలేదు, స్టీలు గుండును తోసింది. రాకెట్‌కి స్టీలు గుండు దాని పొగే. తేడా ఏంటంటే, మన గుండు ఒక్కసారే పోయింది. రాకెట్ తన బరువును ప్రతి క్షణం కొంచెం కొంచెం వెనక్కి విసురుతూ తేలికవుతుంది, అందుకే మొదట నెమ్మదిగా లేచి తర్వాత వేగం పెంచుకుంటుంది.

తర్వాతి ప్రయోగం తేదీ ప్రకటించగానే మా వాడు మిద్దె మీద చోటు చూసి పెట్టుకున్నాడు. ఈసారి వాడు రాకెట్‌ను కాకుండా దాని వెనక పొగ తోకను చూస్తానంటున్నాడు. గోళీ, స్టీలు గుండు మాత్రం డబ్బాలో పెట్టి మూత వేయించాను. నేల మీద వదిలేస్తే రాత్రి లేచినవాళ్లు తొక్కి జారిపడతారు.